చోటు తప్పిన చిరునామా
(కంబైనల్లూరు ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



పండుగ సభలో కంప్యూటరు గొడవ ఎందుకందురేమో! మన పిల్లల్లో పలువురికి ఇప్పుడిదే బ్రతుకుతెరువు గనుక నాలుగు మాటలు మనవి చేస్తాము.

మెమరీలో ప్రతి బైటుకూ ఒక చిరునామా ఉన్నది. నాలుగు బైట్ల అంకెను నాలుగుచే నిశ్శేషంగా భాగింపబడే చిరునామాలో ఉంచడం మర్యాద. అది తప్పినా ఇంటెల్ ప్రాసెసర్లు సామాన్యంగా సహిస్తాయి. మద్రాసు ఐ.ఐ.టి. వారి ‘శక్తి’కి ఆధారమైన రిస్క్-ఫైవ్ విధానమో, సహించనూవచ్చు, ట్రాప్ లేవదీయనూవచ్చు అంటుంది. అందుచేత బల్లమీది యంత్రంలో ఏళ్ళు నడిచిన కెర్నల్ డ్రైవరు చిన్న బోర్డుమీద మొదటి పాకెట్టుకే కూలవచ్చు.

ఆ పాకెట్టే చూడండి. ఈథర్‌నెట్ శీర్షిక 14 బైట్లు: గమ్యానికి 6, పంపినవారికి 6, రకానికి 2. వెనుక వచ్చే ఐ.పి. శీర్షిక రెండు బైట్లు పక్కకు జరిగి కూర్చుంటుంది. లినక్స్‌వారు ‘నెట్ ఐపీ అలైన్’ పేరిట ముందుగా 2 బైట్లు ఖాళీ వదులుతారు. 14 కాస్తా 16 అవుతుంది. ఎంత చిన్న ఉపాయం!

కూలినప్పుడు కెర్నల్ ఇచ్చే నివేదికను ఓపికతో చదవాలి. కారణసంఖ్య 4 అయితే చదవడంలో, 6 అయితే వ్రాయడంలో దోషం. నాలుగు బైట్ల అంకెకు చిరునామా చివరి హెక్స్ గుర్తు 0, 4, 8, సి కాకుంటే అది తప్పుచోటు. దోషం చేసిన ఆజ్ఞ ఎక్కడిదో ‘ఎస్.ఈ.పి.సి.’ రిజిస్టరు చెబుతుంది. తరచు అక్కడ, బైట్ల వరుసను బలవంతాన అంకెగా చదివే పాయింటరొకటి దొరుకుతుంది.

ట్రాప్‌లోనే ఒక్కొక్క బైటూ చదివి సర్దే దారీ ఉన్నది. ఓపెన్‌ఎస్‌బీఐ అట్లా చేస్తుంది. కూలడం ఆగుతుంది, వేగం పోతుంది, దోషం దాగుతుంది. మమ్మల్నడిగితే, ‘గెట్ అన్‌అలైన్డ్’ వాడి మూలంలోనే దిద్దమంటాము. అప్పుడదే డ్రైవరు రెండు యంత్రాలలోనూ నడుస్తుంది.