తుపాకి పేలకముందు

(పాఠశాల ప్లాటినం జూబ్లీ ఉత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్ళ పండుగనాడు ప్రధానోపాధ్యాయిని విద్య విలువను గురించి ప్రసంగిస్తుందని మీరందరూ అనుకొని ఉంటారు. నేను కౌబాయ్ చిత్రాలను గురించి, అందులోనూ వాటి మొదటి పది నిమిషాలను గురించి మాట్లాడదలచుకున్నాను. వెనుక వరుసలలో నవ్వులు వినబడుతున్నాయి. బడి ఎగ్గొట్టి సినిమాకు వెళ్ళి, మరునాడు నా చేత బెంచీ ఎక్కించబడినవారే ఆ నవ్వుతున్నవారని నాకు తెలుసు. వారికి నేనొక మాట బాకీ ఉన్నాను. చివర ఆ బాకీ తీర్చుకుంటాను.

మన బాబుపేట్ రైల్వే గేటు పడినప్పుడు ఎండలో నిలబడి ఎదురుచూడనివారు మనలో అరుదు. ఢిల్లీ నుంచి చెన్నై వెళ్ళే పెద్దలైను అది. చంద్రపూర్ మే నెల ఎండ సంగతి నేను వేరే చెప్పనక్కరలేదు. గేటు పడుతుంది, సైకిలు దిగుతాము. పట్టాల మీద ఏమీ కనబడదు. అప్పటిదాకా గలగలా మాట్లాడుతున్నవారు కూడా మెల్లగా మాటలు తగ్గిస్తారు. ఎక్కడో ఒక కూత. ఏ దిక్కునుంచి? బొగ్గు గూడ్సా, ఎక్స్‌ప్రెస్సా? రైలు దాటిపోవడానికి పట్టేది కొద్ది క్షణాలే, కాని దానికి ముందు గడిచిన కాలం మాత్రం ఎంతో దీర్ఘమని తోస్తుంది. కౌబాయ్ చిత్ర దర్శకులు తమ ప్రారంభ దృశ్యాలను మలచుకున్నది సరిగ్గా ఈ ఎదురుచూపుతోనే.

1952లో ఫ్రెడ్ జిన్నెమన్ దర్శకత్వంలో వచ్చిన ‘హై నూన్’ను తీసుకోండి. ఊరి బయట ఒక మనిషి ఒంటరిగా వేచి ఉంటాడు. మరొకడు గుర్రం మీద వచ్చి కలుస్తాడు, ఆపై మూడవవాడు. ముగ్గురూ కలిసి ఊరి నడుమ నుంచి సాగిపోతుంటే ఒక వృద్ధురాలు వారిని చూసి భయంతో సిలువ గుర్తు వేసుకుంటుంది. ఇంకా ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. అయినా ఆమె చేతి కదలికతో మనకు గుండె దడ మొదలవుతుంది. అదే సమయంలో ఆ ఊరి రక్షణాధికారి పెళ్ళి చేసుకుంటున్నాడు. మధ్యాహ్నం పన్నెండు గంటల రైలులో అతని శత్రువు రాబోతున్నాడు. ఈ సంగతి తెలిసిన తరువాత గోడమీద గడియారాన్ని చూపితే చాలు, దర్శకుడు వేరే ఏమీ చేయనక్కరలేదు. రాబోయే ప్రమాదాన్ని ప్రేక్షకునికి ముందే తెలియజేసి, అది వచ్చేదాకా కూర్చోబెట్టడం ఉత్కంఠకు మొదటి సూత్రం.

రెండవ సూత్రానికి ఉదాహరణ ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె 1968లో తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’. ఎడారిలో ఒక చిన్న రైల్వే స్టేషను. ముగ్గురు ముష్కరులు వచ్చి అక్కడి ముసలి ఉద్యోగిని గదిలో పెట్టి తలుపు వేసి, రైలుకోసం కాచుకొని కూర్చుంటారు. పది నిమిషాలకు పైగా సాగే ఆ ఘట్టంలో మాటలు బహు స్వల్పం, సంగీతం లేదు. గాలిమర కిర్రుమని మూలుగుతూ ఉంటుంది. ఒకని బట్టతల మీద పైనుంచి నీటిచుక్కలు పడుతుంటాయి. అతడు జరగడు, టోపీ తీసి తలమీద పెట్టుకుంటాడు. చుక్కలు టోపీ అంచులో నిండుతుంటాయి. మరొకడు చేతి వ్రేళ్ళు మెటికలు విరుచుకుంటాడు. మూడవవాని ముఖం మీద ఈగ వాలుతుంది. వాడు దానిని తుపాకి గొట్టంలో బంధించి, లోపలి రొదను చెవి ఒగ్గి వింటాడు. 

ఆ ఈగ రొదలోనుంచే రైలు కూత వినవస్తుంది. రైలు ఆగుతుంది, ఎవరూ దిగినట్లు కనబడదు. వారు వెనుదిరుగుతారు. రైలు కదిలిపోయాక, పట్టాలకు అవతలి నుంచి ఒక మౌతార్గాన్ స్వరం. అక్కడొక మనిషి నిలబడి ఉన్నాడు. తనకొక గుర్రం తెచ్చారా అని అతడు అడిగితే, ఒకటి తక్కువైనట్లుందని వారు పరిహాసమాడతారు. తక్కువ కాదు, రెండు ఎక్కువే తెచ్చారని అతని సమాధానం. ఆ లెక్క ప్రేక్షకునికి అర్థమయ్యేలోగా తుపాకులు పేలడం, నలుగురూ కూలడం జరిగిపోతుంది. చివరకు లేచేవాడు ఒక్కడే. కాల్పులకు పట్టింది రెప్పపాటు కాలం, వాటికోసం పది నిమిషాలు. ఆ చిత్రానికి ఎనియో మారికోనె వంటి మహా సంగీతకారుడు అందుబాటులో ఉండి కూడా, ఈ ఘట్టాన్ని దర్శకుడు నీటిచుక్కకు, ఈగకు వదిలిపెట్టాడు. మౌనంలో చిన్న చప్పుడు కూడా పెద్దదవుతుంది. పరీక్ష హాలులో పెన్సిలు క్రిందపడితే అందరమూ ఉలిక్కిపడమా?

మూడవ సూత్రం దాచడం. ఇది మనకు కొత్త కాదు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ప్రవేశాన్ని చూసిన పెద్దలు ఈ సభలో ఉండవచ్చును. ఇద్దరు అడ్డుతెర పట్టుకొని నిలబడతారు. ముఖం కనబడకముందే ఆ తెరమీదుగా ఒక నిడుపాటి జడ వచ్చి పడుతుంది. ఆ జడలో ఆమె అందము, అతిశయము, సవాలు అన్నీ ఉన్నాయి. వేదాంతం సత్యనారాయణశర్మగారి వంటి నటులు ఆ వేషంతో ప్రఖ్యాతులయ్యారు. కౌబాయ్ చిత్రంలో మొదట బూట్లు, ఆపై నడుముకున్న తుపాకి, టోపీ నీడలో సగం ముఖం చూపే పద్ధతికి, మన తెరమీది జడకు దగ్గరి చుట్టరికమే ఉన్నది.

1975లో వచ్చిన ‘షోలే’ కూడా రైలు రాకతోనే మొదలవుతుంది. ఒక జైలు అధికారి చిన్న స్టేషనులో దిగి, తనకోసం వచ్చిన నౌకరుతో గుర్రం మీద కొండల నడుమ సాగిపోతుంటే పేర్లు పడుతుంటాయి. బెంగళూరు దగ్గరి రామనగర ప్రాంతపు బండలవి. ఆయన వెళ్ళి కలుసుకొన్న ఠాకూరు శాలువ కప్పుకొని ఉంటాడు. ఆ శాలువ దేనికో మనకు తెలిసేసరికి సినిమా ఎంతో దూరం నడిచిపోతుంది.

తెలుగులో ఈ తరహా చిత్రాలకు దారి వేసినది 1971 ఆగస్టులో విడుదలైన ‘మోసగాళ్ళకు మోసగాడు’. పద్మాలయా సంస్థ నిర్మాణం, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, ఆరుద్రగారి రచన, వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణం, కృష్ణగారు కథానాయకులు. అమెరికా ఎడారి మనకు లేదని ఊరుకోక రాజస్థాన్ ఎడారికి వెళ్ళి చిత్రీకరించారు. కృష్ణగారు 2022లో మరణించగా, ఆ మరుసటి ఏడు ఆయన జన్మదినాన చిత్రాన్ని నవీకరించి తిరిగి ప్రదర్శించారు. గుర్రము, ఇసుక, టోపీ పరదేశానివే అయినా, మాట తెలుగులో ఉన్నందున మన పల్లెల ప్రేక్షకుడు దానిని తనదిగా స్వీకరించాడు.

ఇక బాకీ సంగతికి వస్తాను.

చాలా ఏళ్ళ క్రిందట ఎనిమిదవ తరగతిలో ఒక బాలుడుండేవాడు. తండ్రి బొగ్గుగని కార్మికుడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో మరాఠీ. నేను ఏ ప్రశ్న వేసినా నిలబడి నేలచూపులు చూసేవాడు. నేను వెంటనే ప్రక్కవానిని అడిగేదానను. ‘వీనికి రాదు’ అని నా మనసులో వ్రాసేసుకున్నాను. ఒకనాడు బడి ఎగ్గొట్టి ‘షోలే’ చూసి వచ్చాడని తెలిసి బెంచీ ఎక్కించాను. అంతటితో ఆగక, ‘ఏం చూశావో అందరికీ చెప్పు’ అని ఎగతాళి చేశాను.

అతడు చెప్పాడు. హిందీ సినిమాను తెలుగులో చెప్పాడు. రైలు వచ్చిందన్నాడు, ఆగాడు. ఒక మనిషి దిగాడన్నాడు, మళ్ళీ ఆగాడు. ఆ ఆగిన చోటల్లా నలభై మంది పిల్లలు ఊపిరి బిగబట్టారు. గంట కొట్టినా ఒక్కరూ లేవలేదు. నేనూ లేవలేదు. మాట రానివాడని నేను తీర్మానించిన బిడ్డ నాకంటె చక్కగా కథ చెప్పగలడు. అతనికి లేనిది భాష కాదు, నేను ఇవ్వని వ్యవధి.

మేరీ బడ్ రో అనే అమెరికా విద్యా పరిశోధకురాలు తరగతి గదులను పరిశీలించి, 1970లలో ఒక విషయం ప్రకటించారు. ప్రశ్న వేసిన తరువాత ఉపాధ్యాయులు జవాబుకోసం ఆగేది సగటున ఒక్క సెకను మాత్రమేనట. మూడు సెకన్లు ఆగగలిగితే జవాబులు దీర్ఘమవుతాయి, మౌనంగా ఉండే పిల్లలు సైతం నోరు విప్పుతారు. లియోనె తన ప్రేక్షకుని నమ్మి పది నిమిషాలు ఆగాడు. నేను నా విద్యార్థిని నమ్మి మూడు సెకన్లు ఆగలేకపోయాను.

ఆ రోజు నేను అతనిని బెంచీ దిగమన్నాను గాని, ‘బాగా చెప్పావు’ అనలేదు. తప్పు ఒప్పుకుంటే తరగతి నా చేయి జారుతుందని భయపడ్డాను. ఆ సంవత్సరాంతానికి అతని కుటుంబం వేరే ఊరికి వెళ్ళిపోయింది. ఆ మాట నా దగ్గరే మిగిలింది. అతడు ఈ సభలో లేడు కనుక, అతనితోపాటు బెంచీ ఎక్కినవారందరి ఎదుట దానిని ఈనాడు చెబుతున్నాను.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. మహారాష్ట్రలో ఉంటూ బిడ్డను తెలుగు బడికి పంపడం సులభమైన నిర్ణయం కాదని నాకు తెలుసు. ఇంట్లో బిడ్డ తెలుగు మాటకోసం తడుముకుంటున్నప్పుడు దయచేసి ఆ మాటను హిందీలోనో ఇంగ్లీషులోనో మీరే అందించకండి. కొంచెం ఆగండి. సహోపాధ్యాయులారా, ప్రశ్న వేసిన తరువాత మనసులో మూడు లెక్కపెట్టండి. నాకు అలవాటు కావడానికి రెండేళ్ళు పట్టింది.