తుపాకుల యాటలో తూకము



పులిజూదము మీలో పెక్కుమంది యెరిగినదే. పాత దేవాలయ మంటపములలో రాళ్లమీద దాని గీతలు నేటికిని కానవచ్చును. పులులు మూడు, మేకలు పదునైదు. ఒక పక్షము దుమికి చంపును. రెండవది చుట్టుముట్టి కట్టివేయును. ఇరువురికిని ఒకే బలము నీయలేదు. అయినను ఆడువారిద్దరును నేర్పరులైనచో గెలుపెవరిదో ముందుగా చెప్పుట కష్టము. నేటి యువకులు కంప్యూటరు ముందు కూర్చుండి యాడు తుపాకుల యాటలలో మిక్కిలి పేరుబడిన కౌంటర్ స్ట్రైక్ అను దాని నియమములను పరిశీలించినపుడు నాకు పులిజూదమే జ్ఞప్తికి వచ్చినది. చంపుటయు చచ్చుటయు నున్న యాటను గూర్చి పండితునకు ప్రసంగమేల యని కొందరనవచ్చును. చదరంగములో కదలునవి మాత్రము ఏనుగులు, గుఱ్ఱములు, భటులు గావా?

1999లో మిన్ లీ, జెస్ క్లిఫ్ అను ఇరువురు హాఫ్ లైఫ్ అను వేరొక యాటను మార్చి దీనిని కల్పించిరి. మరుసటి యేట అమెరికాలోని వాల్వ్ అను సంస్థ దీనిని తన పేర వెలువరించినది. 2012లో నొక క్రొత్త రూపమును, 2023లో మరియొక రూపమును దాల్చినది.

పక్షమునకు ఐదుగురు. ఒక్కొక్కరు ఒక్కొక్క యూరిలో నున్నను, తంత్రీ మార్గమున కలిసి యాడుదురు. ఒక పక్షమువారు బాంబును నియమిత స్థలమున పెట్టవలెను. రెండవవారు కావలి కాయవలెను. పెట్టిన బాంబు 40 సెకండ్లకు పేలును. దానిని విప్పుటకు 10 సెకండ్లు పట్టును. 400 డాలర్ల పనిముట్టు కొనియుంచుకొన్నవానికి 5 చాలును. చచ్చినవాడు ఆ దఫా ముగియువరకు లేవడు, చూచుచు కూర్చుండవలసినదే. ఈ యొక్క నియమముచేతనే దూకుడు చాలవరకు అణగినది.

ఇక నాకు అన్నిటికంటె నచ్చినది సొమ్ము లెక్క. ఇచ్చట డాలర్లనగా ఆటలోని లెక్కయే గాని నిజమైన ధనము కాదు. మొదట ఒక్కొక్కనికి 800 ఇత్తురు. దానితో మంచి తుపాకి రాదు, పిస్తోలుతోనే పోరవలెను. దఫా గెలిచినవారికి తలకొక 3250 గాని 3500 గాని ముట్టును. ఓడినవారికి కనీసము 1400 ఇత్తురు. వరుసగా నోడుచుండినచో అది 500 చొప్పున పెరిగి 3400 వరకు పోవును. ఓడినవానికేమియు నీయకున్నచో మొదటి గెలుపుతోనే ఆట తీరిపోవును. తక్కిన దఫాలు వ్యర్థము. గెలిచినవానితో సమానముగా నిచ్చినచో గెలుపునకు విలువ యుండదు.

కాని 3400 అనునది 3250 కంటె నెక్కువ గదా, ఓటమియే లాభమయ్యెనే యని మీకు తోచవచ్చును. అట్లు కాదు. గెలిచి బ్రతికినవాని తుపాకి మరుసటి దఫాకును వానియొద్దనే యుండును. చచ్చినవాడు మరల కొనుక్కొనవలెను. కనుక ఆ హెచ్చు సొమ్ము తుపాకి పోయిన లోటులో కొంత పూడ్చునే కాని దానము కాదు. చేతిలో డబ్బు చాలనపుడు ఐదుగురును కూడబలుకుకొని ఒక దఫా ఏమియు కొనక దాచుకొందురు, రైతు ఒక కారు చేను బీడు విడిచినట్లు. అందులో నొక్కడు మాట తప్పి తన సొమ్ము ఖర్చుపెట్టినచో వాడును చెడును, తక్కినవారును చెడుదురు. ఉమ్మడి కుటుంబము నడిపినవారికిది వేరుగా చెప్పనక్కరలేదు.

తుపాకులలోను సమానత లేదు. దాడి చేయువారి ఏ.కె. 47 వెల 2700. శిరస్త్రాణమున్నను తలకు ఒక్క గుండు తగిలిన చాలును. కావలివారి ఎం.4 దానికంటె వెల హెచ్చు, అయినను ఆ పని ఒక్క గుండుతో చేయలేదు. అన్యాయమువలె కనబడును. అయితే కావలివాడు మూలలో నక్కి వేచియుండును, వచ్చువాడు తలుపు దాటి రావలెను. తావు బలము ఒకరికి, ఆయుధ బలము మరియొకరికి. ఇంకను మిగిలిన వ్యత్యాసము తీరుటకు 12 దఫాల తరువాత పక్షములు మార్చుకొందురు. ముందుగా 13 గెలిచినవారిదే ఆట. పూర్వరూపములో 15 దఫాలకు మారి 16కు గెలిచెడివారు.

ఈ తూకము ఒకనాటితో కుదిరినది కాదు. ఏ.డబ్ల్యు.పి. అను దూరపు తుపాకి దేహమున తగిలిన ఒక్క గుండుతోనే చంపగలదు. అందుచే దాని వెల 4750 పెట్టి, దానితో చంపినవానికి బహుమానము 300 గాక 100 మాత్రమే చేసిరి. అదియు చాలక 2022 నవంబరులో దాని గుండ్ల సంఖ్యను పదినుండి ఐదునకు తగ్గించిరి. 2015 డిసెంబరులో ఆర్.8 అను రివాల్వరును 850 డాలర్లకే పెట్టగా, అది ఆ గొప్ప తుపాకికి దీటుగా చంపజొచ్చినది. ఆటగాండ్రు గగ్గోలు పెట్టిరి. కొలది దినములలోనే దాని బలము తగ్గింపక తప్పలేదు. 2018లో ఆగ్ అను తుపాకి వెలలో 150 డాలర్లు తగ్గించినంతనే అందరును దాని వెంటబడిరి. మరుసటి యేట వెల మరల పెంచిరి. సంతలో బియ్యపు ధర కదలిన రీతిని మీరెరుగుదురు.

ఇంతవరకు మెచ్చుకొంటిని. మెచ్చలేనిది యొకటి కలదు. 2013లో తుపాకులకు రంగుల తొడుగులు ప్రవేశపెట్టిరి. వానివలన తుపాకి బలము రవంతయు పెరుగదు. ధనికుని పిల్లవాని గుండును, పేదవాని గుండును ఒక్కటే దెబ్బ. ఇది న్యాయమే. కాని ఆ తొడుగులు మూసిన పెట్టెలలో నుండును. పెట్టె తెరచు తాళపుచెవికి సుమారు రెండున్నర అమెరికా డాలర్లు నిజమైన ధనమే చెల్లింపవలెను. లోపలనున్నది అగ్గువ వస్తువో, అమూల్యమో, తెరచినగాని తెలియదు. లోపల అంత నేర్పుతో తూకము నిలిపినవారు వాకిట జూదశాల పెట్టుట నాకు సమ్మతము కాదు. 2018లో బెల్జియము దేశపు జూద నియంత్రణ సంఘము ఇట్టి పెట్టెలను చట్టవిరుద్ధమైన జూదముగా నిర్ణయించినది. అది పరిశీలించిన యాటలలో ఇదియు నొకటి. ఆ పిమ్మట ఆ దేశములోని వారికి పెట్టెలు తెరచు వీలు తీసివేసిరి. ఆట మాత్రము అచ్చట యథాప్రకారము సాగుచునే యున్నది.