ఉదరంలోని సూక్ష్మజీవులు – క్యాన్సర్ చికిత్స
(ప్రసంగ పాఠం)



జీవితమంతా వ్యాకరణం చెప్పుకొన్నవాడు వైద్యవిషయం మాట్లాడటమేమిటని మీకు సందేహం కలుగవచ్చు. నా మేనల్లుడు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇమ్యునోథెరపీ చేయించుకొనే రోజులలో, జలుబు చేసిందని తనంతట తానే యాంటీబయాటిక్ మాత్రలు కొని వేసుకొన్నాడు. వైద్యుడు గట్టిగా మందలించాడు. ఆ మందలింపునకు కారణం తెలుసుకోగోరి, చదివి, అడిగి గ్రహించినదే నేడు మనవి చేస్తున్నాను.

మన దేహంలో టీ కణాలనే రక్షకభటులున్నారు. వారు పొరబడి స్వదేహాన్నే బాధించకుండా ప్రకృతి కొన్ని పగ్గాలు వేసింది. క్యాన్సర్ కణం మాయావి. ఆ పగ్గాలనే బిగించి తప్పించుకొంటుంది. ఆ పగ్గాలను సడలించే చికిత్సకు మార్గం చూపినందుకు అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ ఆలిసన్, జపాను శాస్త్రజ్ఞుడు తసుకు హోంజో గార్లకు 2018లో నోబెల్ బహుమతి లభించింది. అయితే ఒకే మందు ఒకరికి సంజీవని అవుతుంది, మరొకరికి నిష్ఫలమవుతుంది. ఎందువలన?

కారణాలలో ఒకటి మన ప్రేగులలో ఉన్నది. అక్కడ కోటానుకోట్ల సూక్ష్మజీవులు నివసిస్తాయి. ప్రేగుల గోడలలో రక్షకకణాలు విస్తారంగా ఉంటాయి గనుక, వాటికి ఆ జీవులతో నిత్యసహవాసం. ఆ సహవాసమే వాటికి శిక్షణ. 2018 జనవరిలో ప్యారిస్, హ్యూస్టన్, షికాగో నగరాల పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో వేరువేరుగా ఒక సంగతి ప్రకటించారు: చికిత్స ఫలించినవారి ప్రేగులలోని సూక్ష్మజీవుల కూర్పు వేరు, ఫలించనివారిది వేరు. చికిత్స ప్రారంభించే కాలంలో యాంటీబయాటిక్ వాడినవారికి ఫలితం తగ్గినట్లు ప్యారిస్ వారు గమనించారు. 2021లో పిట్స్‌బర్గ్‌లో, మందుకు లొంగని మెలనోమా అనే చర్మక్యాన్సర్ గల 15 మందికి, మేలు పొందినవారి మలం నుండి తీసిన సూక్ష్మజీవులను ఎక్కించి మందు ఇవ్వగా, 6గురికి ప్రయోజనం కలిగింది. హేయమని మనం తలచేదే ఔషధమైనది!

ఆహారం మాటేమిటి? అదే సంవత్సరం ప్రకటితమైన వేరొక పరిశోధనలో 128 మంది మెలనోమా రోగుల ఆహారాన్ని పరిశీలించారు. రోజుకు 20 గ్రాములు, ఆపైన పీచుపదార్థం తిన్నవారికి వ్యాధి ఎక్కువకాలం అదుపులో ఉన్నది. అందులోనూ దుకాణంలో కొన్న ప్రొబయోటిక్ మాత్రలు వాడనివారికే ఎక్కువ మేలు కనబడింది. ఇది పరిశీలనయే గాని, తుది నిర్ణయం కాదు.

ఇదంతా మన పూర్వులకు ముందే తెలుసునని నేననను. తెలియనిది తెలిసినట్లు చెప్పుట విద్యకు ద్రోహం. నా విన్నపం ఇంతే. చికిత్సలో ఉన్నవారు యాంటీబయాటిక్ గాని, ప్రొబయోటిక్ గాని స్వయంగా కొని వాడవద్దు. అలాగని వైద్యుడు వ్రాసిన యాంటీబయాటిక్‌ను భయపడి మానవద్దు. ఇన్ఫెక్షన్ కూడ ప్రాణాంతకమే. పప్పులు, ఆకుకూరలు, జొన్న, రాగి వంటివి ఎంత తినవచ్చునో వైద్యుని అడిగి తినండి. కొందరి ప్రేగులు వాటిని సహించవు. ఆహారం చికిత్సకు తోడే గాని, చికిత్సకు బదులు కాదు.

నా మేనల్లుడు ఇప్పుడు ఏ మాత్ర వేసుకోవాలన్నా ముందు వైద్యునికి ఫోను చేస్తున్నాడు. మీ ఇంట ఇట్టి రోగి ఉన్నచో ఈ ఒక్క మాట చేరవేయండి.

స్వస్తి.