టంగైల్ మీద ఆ సాయంత్రం
(బెల్లంకొండ సభలో చేసిన ప్రసంగ పాఠం)

యుద్ధమంటే అందరికీ ఫైటర్ విమానాలే గుర్తొస్తాయి. మాది రవాణా. బియ్యం, మందుగుండు, మనుషులు, ఏది ఎక్కిస్తే అది మోసేవాళ్లం.

1971 డిసెంబరు 11 సాయంత్రం టంగైల్ దగ్గర రెండో పారా బెటాలియన్‌ను దింపాం. ఢాకాకు మళ్లే పాకిస్తాన్ సేనకు పూంగ్లీ వంతెన దగ్గర దారి మూయాలి. మా ప్యాకెట్ విమానం ఇంచుమించు మన కోట కొండంత ఎత్తునే, మెల్లగా, తిన్నగా పోవాలి. కింద నుంచి కాల్చినా పక్కకు తిప్పకూడదు. పచ్చదీపం వెలిగాక కుర్రాళ్లు దూకడం పైలట్‌కు కనబడదు. ఒక్కొక్కరూ వెళ్లేకొద్దీ విమానం తేలికవడం చేతికి తెలుస్తుంది, అంతే.

ఖాళీగా వెనక్కి వచ్చాం. బయల్దేరే ముందు ఒక జవాను ఇచ్చిన కార్డు నా జేబులోనే ఉంది. దిగగానే పోస్టు చేశాను.

వంతెన ఆ రాత్రే మనవాళ్ల వశమైంది. 16న ఆ బెటాలియన్ ఢాకాలో అడుగుపెట్టింది. రేడియోలో లొంగుబాటు వార్త వినే వేళకు మా విమానంలోకి మళ్లీ సరుకు ఎక్కుతోంది.