పండుగనాడు తోటకు వెళ్ళేముందు



వచ్చే బుధవారం, 2021 జూలై 21న, బక్రీద్. ఖుర్బానీ ముగిశాక పిల్లలను తీసుకుని నాంపల్లి బాగె ఆమ్‌కు వెళ్ళవచ్చునా అని వారం రోజులుగా పలువురు మమ్మల్ని అడుగుతున్నారు. లాక్‌డౌన్ గత నెలలోనే ఎత్తివేశారు కదా, ఇంకా సందేహమెందుకని వారి భావం.

పండుగనాడు సంతోషించటాన్ని ఇస్లాం నిషేధించలేదు. ఈద్ రోజున అబిసీనియావాసులు మస్జిదె నబవీలో ఈటెలతో ఆడుతుంటే, దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)కు ఆ ఆటను దగ్గరుండి చూపించారు. మేము సైతం మద్రసా విద్యార్థులుగా ఉన్ననాడు పండుగ సెలవుల్లో ఆ తోటలోని షాహీ మసీదులో నమాజు చేసి, చెట్ల నీడన కూర్చుని ఇంటినుంచి తెచ్చుకున్న కబాబులు తిన్నవాళ్ళమే. కనుక తోటపై మాకు ఏ అభ్యంతరమూ లేదు. మా భయమంతా గుంపును గురించే.

"చావు వ్రాసిపెట్టి ఉంటే ఇంట్లో ఉన్నా వస్తుంది" అనేవారు మన మధ్య ఉన్నారు. ఈ మాట కొత్తది కాదు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు పయనమై సర్గ్ అనే చోటికి చేరినప్పుడు, అక్కడ ప్లేగు ప్రబలిందని సేనానులు ఎదురువచ్చి తెలిపారు. ఆయన ముహాజిర్లను సంప్రదించారు, అన్సార్లను సంప్రదించారు. అభిప్రాయాలు భిన్నంగా వచ్చాయి. చివరకు ఖురైష్ పెద్దలు ఏకకంఠంతో వెనుదిరగమన్నారు, ఆయన అదే నిర్ణయించారు. దైవ విధివ్రాత నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. ఒక విధివ్రాత నుండి మరో విధివ్రాత వైపుకే మరలుతున్నామని బదులిస్తూ హజ్రత్ ఉమర్ (రజి) ఒక లోయను ఉదాహరించారు: దానికి ఒక వాలు పచ్చిక, మరొక వాలు ఎండుభూమి, ఒంటెలను ఎటు మేపినా అది దైవ నిర్ణయమే. అయినా ఎండిన వైపుకు తోలే కాపరి ఎవడు? అంతలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, వ్యాధి ఉన్న ఊరికి వెళ్ళరాదని, ఉన్న ఊరినుండి దానికి భయపడి బయటకు పోరాదని దైవప్రవక్త (స) చెప్పగా తాము విన్నామన్నారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ఉదంతం.

మరొక విషయం ఆలోచించండి. పచ్చి వెల్లుల్లి తిన్నవాడు మసీదుకు రావద్దన్నారు దైవప్రవక్త (స). కారణం, ప్రక్కవానికి కలిగే ఇబ్బంది. నోటి వాసనకే జమాఅత్ నుండి దూరంగా ఉండమన్న ధర్మం, జ్వరంతో, దగ్గుతో గుంపులోకి పోయేవాణ్ణి ఏమంటుంది?

రమజాన్‌లో మేము ఒక వృద్ధురాలి జనాజా నమాజు చేయించాము. వెనుక నిలిచినవారు ఏడుగురే. రమజాన్‌కు ముందు ఒక సెలవునాడు ఆమె కుమారుడు పిల్లలతో తోటకు వెళ్ళివచ్చాడు. తర్వాత పిల్లలకు జ్వరం, ఆపైన ఆమెకు. ఖబరస్తాన్ గేటు వద్ద అతడు మా చేయి పట్టుకుని "హజ్రత్, నేనే తెచ్చానా?" అని అడిగాడు. వ్యాధి ఎక్కడ సోకిందో అల్లాహ్‌కే ఎరుక. అతనికి చెప్పవలసిన మాట మాకు నేటికీ దొరకలేదు. ఆ ప్రశ్న మీలో ఎవరూ అడుగవలసిన గతి పట్టకూడదనే ఇంతసేపు మాట్లాడుతున్నాము.

వెళ్ళదలచినవారు ఫజ్ర్ తర్వాత, జనం చేరకముందే వెళ్ళండి. ఇంట్లో ఎవరికి జలుబు ఉన్నా ఆ కుటుంబం ఆగిపోవాలి. అమ్మీ, నానీ, దాదా వంటి పెద్దలు మీతో ఉంటే మరింత ఆలోచించండి. టీకా వేయించని పెద్దలుంటే ముందు ఆ పని చూడండి. వాడిన మాస్కులను గడ్డిపై పారవేయకండి. మరునాడు వాటిని వట్టి చేతులతో ఎత్తే స్త్రీ కూడా ఒక ఇంటి తల్లే. దారిలోని హానికర వస్తువును తొలగించటం ఈమాన్‌లో భాగమైనప్పుడు, దానిని దారిలో వేయటం ఏమవుతుందో వేరే చెప్పనక్కర లేదు.

వ్యాధిగ్రస్తులకు అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక, మరణించినవారిని మన్నించుగాక! ఆమీన్. ఈద్ నమాజుకు వజూ ఇంటివద్దే చేసుకుని, ఎవరి జానమాజు వారు తెచ్చుకోండి. సలాం చెప్పండి, ఆలింగనాలు ఈసారికి వద్దు.