గంటగోపురముల పందెము



సొంత ఊరు కన్నతల్లి వంటిదందురు. కాని కన్నతల్లిని ప్రేమించువాడు పొరుగుతల్లిని దూషింపవలయునా? ఈ ప్రశ్న నన్ను చిరకాలముగా బాధించుచున్నది. ఇటలీ దేశమున మూడేండ్లు మాత్రము నడచి నిలిచిపోయిన యొక టెలివిజను పోటీని గూర్చి తెలిసికొన్నప్పుడు నాకు కొంత సమాధానము దొరకినది. దానినే నేడు మనవి చేసెదను.

ఇటలీలో ప్రతి పట్టణము నడుమను చర్చియు, దాని చెంత ఎత్తైన గంటగోపురమును ఉండును. దానిని వారు ‘కంపనీలె’ అందురు. మనకు ధ్వజస్తంభమెట్లో వారికదియట్లు. ఆ గంట వినబడినంత మేర తమ ఊరు. ఆవల పరాయి సీమ. మితిమీరిన స్వగ్రామాభిమానమునకు వారి భాషలో ఆ గోపురము పేరుమీదనే ‘కంపనిలిజ్మో’ అను మాట పుట్టినది.

ఆ దేశము 1861లో ఒక్క రాజ్యమయ్యెను గాని, జనుల మనస్సులు ఒక్కటి కాలేదు. ఇండ్లలో మాటలాడు మాండలికములు వేరు. ఉత్తరాదిని కర్మాగారములు, కలిమి. దక్షిణాదిని సేద్యము, లేమి. కూలికై మిలాను, టురిను నగరములకు వలసపోయిన దక్షిణాదివారిని అచటివారు చిన్నచూపు చూచెడివారు.

అక్కడ టెలివిజను ప్రసారములు 1954 జనవరి 3వ తేదీన మొదలయ్యెను. తొలినాళ్ళలో ఆ పెట్టె కొనగలవారు కొలదిమంది. తక్కినవారు కాఫీ అంగళ్ళలో గుమిగూడి చూచెడివారు. అట్టి కాలమున, 1959 నవంబరులో, ‘కంపనీలె సేర’ అను పోటీ ఆరంభమైనది. ‘సేర’ యనగా సాయంకాలము. ఉత్తరాదినుండి యొక చిన్న పట్టణము, దక్షిణాదినుండి మరియొకటి తలపడును. మిలాను ప్రసారశాలలో విద్యాప్రశ్నలు. అదే వేళ ఆ రెండు ఊళ్ళ రచ్చపట్టులందు ఆటలు. ఊళ్ళలో ఎన్జా సంపో, రెనాతో తల్యాని అనువారు ఆటలు నడిపించిరి. ప్రసారశాలలో మైక్ బొంజోర్నో ప్రశ్నలడిగెను. ఈయన తండ్రి వంశము దక్షిణపు సిసిలీ ద్వీపమునకు చెందినది. తల్లి ఉత్తరపు టురిను ఆడపడుచు. రెండు దిక్కుల నెత్తురును గలవాడు నడుమ నిలుచుట ఎంత తగియున్నది!

ఈ పోటీ వలన వైరము మాసిపోయెనని నేననను. కాని పొలిమేర దాటని వృద్ధుడు సైతము వందల మైళ్ళ దూరపు ఊరి వీధిని, అచటి ముఖములను, వారి నవ్వును కన్నులార చూచెను. గెలుపోటములు దేశమంతయు చూచుచుండగా తేలెను. ఈ రెండవ గుణమే నన్ను తలవంచుకొనజేసినది. ఏలయన, నా వల్ల నొక తప్పు జరిగినది.

నేను ఉపాధ్యాయుడనైన క్రొత్తలో మా ఊరికిని పొరుగూరికిని శతకపద్యముల పోటీ జరిగెను. న్యాయనిర్ణేతను నేనే. పొరుగూరి బాలుడు తడబాటు లేక చదివెను. మా వాడు రెండుచోట్ల తప్పెను. ముందువరుసలో మా పెద్దలు కూర్చుండియుండిరి. బహుమతి మావానికిచ్చితిని. జనము కేకలు వేసి సంతోషించెను. ఆ బాలుడు ఏడువలేదు. నా యొద్దకు వచ్చి, “అయ్యవారూ, నేనెక్కడ తప్పితినండీ?” అని అడిగెను. నాయొద్ద జవాబు లేదు. మరుసటి యేడు పొరుగూరివారు పోటీకి రాలేదు. ఆపై పోటీయే లేదు.

‘కంపనీలె సేర’ 1962లో ఆగిపోయెను. అయినను విత్తనము చెడలేదు. ఆ యేడే ఫ్రాన్సులో గీ లుక్స్ అనునాయన అదే తీరున పట్టణముల పోటీ నెలకొల్పెను. 1965లో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియము కలిసి ‘ఎల్లలు లేని ఆటలు’ ప్రారంభించినవి. ఇరువదియేండ్లకు ముందు ఒకరినొకరు చంపుకొన్న దేశములవి!

కావున పెద్దలారా, ఊళ్ళ నడుమ పందెములు మానుడని నేను చెప్పను. జరిపింపుడు. తీర్పరిని మూడవ ఊరినుండి పిలువుడు. తీర్పు పదిమంది యెదుట చెప్పింపుడు. పిమ్మట ఓడినవారిని మీ పంక్తిలో కూర్చుండబెట్టి వడ్డింపుడు.

ఆ బాలుడు నేడు నడివయసువాడై యుండును. ఎచటనున్నాడో యెరుగను. ఈ మాట వానికి వినబడినచో, ఆలస్యమైన నా జవాబిది: నాయనా, నీవెక్కడను తప్పలేదు. తప్పినవాడను నేను.

సెలవు.