విడుదలైన మనిషి మళ్ళీ జైలుకు ఎందుకు వెళుతున్నాడు?

(తిరుపతిలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనవాడు జైలుకు వెళితే ఆ ఇంటి గురించి నాలుగు రోజులు మాట్లాడుకుంటాం. అతడు తిరిగి వచ్చిన రోజున ఎవరమూ మాట్లాడం. ఆరు నెలలకో ఏడాదికో అతణ్ణి మళ్ళీ తీసుకుపోయారని తెలిస్తే మాత్రం "వాడి బుద్ధి మారలేదు" అని తేల్చేస్తాం. ఆ తీర్పు ఎంతవరకు న్యాయమో పరిశీలించాలన్నదే ఈ రోజు మా ప్రయత్నం. నేరాన్ని సమర్థించడం మా ఉద్దేశం కాదు. నష్టపోయిన వారి బాధను తక్కువ చేయడమూ కాదు. ఒకే మనిషి ఒకే గేటులోకి పదేపదే వెళుతున్నప్పుడు, ఆ దారిని ఎవరు వేశారో తెలుసుకోవలసిన బాధ్యత సమాజానికి ఉంది.

మొదట ఒక లెక్క చూద్దాం. 2022 చివరినాటికి దేశంలోని జైళ్ళలో ఉన్నవారు 5,73,220 మంది. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి నేరం ఇంకా రుజువు కాలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 14.2 శాతం; విచారణ ఖైదీలలో మన వాటా అంతకంటే ఎక్కువ. కాబట్టి "మళ్ళీ జైలుకు వెళ్ళాడు" అన్నంత మాత్రాన "మళ్ళీ నేరం చేశాడు" అని అర్థం కాదు. మళ్ళీ అరెస్టయ్యాడు అన్నంత వరకే దాని అర్థం. ఈ తేడాను మనం ఎన్నడూ మరువరాదు.

తిరిగి వెళ్ళడానికి అతి సాధారణమైన కారణం వాయిదా. జామీనుపై వచ్చిన మనిషి బతుకుతెరువు కోసం చెన్నైకో బెంగుళూరుకో పోతాడు. వాయిదా తేదీ తెలియదు, తెలిసినా రోజు కూలి వదులుకుని రాలేడు. రెండు వాయిదాలు తప్పితే నాన్ బెయిలబుల్ వారంటు జారీ అవుతుంది. పూచీ నిలిచిన బంధువు మీదకు నోటీసు వస్తుంది. న్యాయస్థానానికి హాజరు కాకపోవడమే భారతీయ న్యాయ సంహిత 269వ సెక్షను కింద మరో నేరం. కొత్తగా ఎవరికీ ఏ హానీ చేయని మనిషి ఈ విధంగా రెండోసారి జైలు చూస్తాడు.

రెండో కారణం చట్టంలోనే ఉంది. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షను విచారణ ఖైదీలకు కొంత ఊరట కల్పించింది. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడే నేరాలు కాకపోతే, ఇంతకు ముందు ఎన్నడూ శిక్ష పడని వ్యక్తి గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం, ఇతరులు సగం కాలం జైలులో గడిపితే విడుదలకు అర్హులవుతారు. అయితే ఒకటి కంటే ఎక్కువ కేసులు విచారణలో ఉన్నవారికి ఆ వెసులుబాటు వర్తించదని అదే సెక్షను చెబుతున్నది. ఒకే ఘటనపై నాలుగు స్టేషన్లలో నాలుగు కేసులు పెడితే ఏమవుతుందో ఆలోచించండి. మొదటి కేసు రెండోదానికి, రెండోది మూడోదానికి తాళం వేస్తుంది.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన విషయం ఎర్రచందనం. శేషాచలం అడవుల నుండి పోయే ఆ కలప విలువ విదేశీ మార్కెట్లో కోట్లకు చేరుతుంది. పట్టుబడేది మాత్రం జవ్వాది కొండల నుండి వచ్చిన పేద కూలీ, బండి నడిపిన డ్రైవరు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో 20 మంది తమిళ కూలీలు పోలీసు కాల్పుల్లో మరణించిన సంగతి మీకు తెలుసు. శిక్షలు పెంచారు, తిరుపతిలో ప్రత్యేక న్యాయస్థానం పెట్టారు. అడవిని కాపాడవలసిందే, అందులో వాదం లేదు. కానీ పట్టుబడిన డ్రైవరుకు ఏమి జరుగుతుందో చూడండి. బండి జప్తు అవుతుంది, ఫైనాన్సు కంతులు మాత్రం ఆగవు. లాయరు ఫీజు, పూచీకత్తు ఖర్చు ఇంటి దగ్గర ఉండవు. అప్పుడు పని చేయించుకున్న మేస్త్రీయే ముందుకు వచ్చి ఆ డబ్బు కడతాడు. విడుదలైన నాటికి ఆ మనిషి వాడికి బాకీదారు. ఆ బాకీ తీరే మార్గం ఒక్కటే, మళ్ళీ బండి ఎక్కడం. బుద్ధి మారలేదని మనం అంటున్న చోట అసలు మారనిది అప్పు.

ఇక 1986 నాటి ముందస్తు నిర్బంధ చట్టం ఉంది. పి.డి. యాక్టుగా అందరూ ఎరిగిన ఆ చట్టం కింద విచారణ లేకుండానే పన్నెండు నెలల వరకు నిర్బంధించవచ్చు. పాత కేసులే ఆ ఉత్తర్వుకు ఆధారం. కోర్టు జామీను ఇచ్చినా కలెక్టరు ఉత్తర్వుతో మనిషి లోపలే ఉండిపోతాడు.

స్టేషనులోని షీటు సంగతీ చెప్పుకోవాలి. పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం సస్పెక్టు షీటు, రౌడీ షీటు తెరుస్తారు. ఎన్నికలకు, పండుగలకు, రద్దీ రోజులకు ముందు పాతవారిని పిలిపించి తహసీల్దారు ఎదుట బైండోవర్ చేయిస్తారు. వీధిలో ఏ దొంగతనం జరిగినా మొదట తట్టేది ఆ తలుపునే. ఇది కొత్త ఆలోచన కాదు. చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911లోనే నేరస్థ తెగల చట్టం మద్రాసు రాష్ట్రానికీ విస్తరించింది. ఎరుకల వంటి కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసింది. 1952లో ఆ చట్టం రద్దయినా, అలవాటు నేరస్థుల చట్టాల రూపంలో ఆ చూపు మిగిలింది. జైలు నియమావళుల్లోని కుల వివక్షను సుప్రీంకోర్టు కొట్టివేసింది 2024 అక్టోబరు 3న. పుట్టుకను బట్టి అనుమానించడం ఎంత దూరం పోతుందో ఎరుకల సోదరులకు తెలుసు, మనకూ తెలుసు. ఆ అన్యాయంపై వారితో కలసి నిలబడవలసిన వాళ్ళం మనం.

నిర్దోషిగా తేలినా ముద్ర పోదు. మక్కా మసీదు పేలుడు కేసుల్లో పట్టుబడి, తరువాత బయటపడిన యువకులకు ప్రభుత్వం ఇచ్చిన పరిహారాన్ని 2013లో హైకోర్టు రద్దు చేసింది. మన మదనపల్లె, పీలేరు యువకులు ఎందరో గల్ఫ్ సంపాదన మీద ఇళ్ళు నిలబెట్టారు. క్రిమినల్ కేసు నడుస్తుంటే 1967 నాటి పాస్‌పోర్టు చట్టం 6వ సెక్షను కింద పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ఆ మార్గం ఉన్నదని కూడా చాలామందికి తెలియదు. ఇక్కడ డ్రైవరు పనికి, కాపలా పనికి పోలీసు ధ్రువీకరణ కావాలి. గౌరవంగా బతికే తలుపులన్నీ మూసుకుపోతే, తెరిచి ఉండేది పాత స్నేహితుల తలుపే.

మరి దారి లేదా? ఉంది. అడిగేవారు కావాలి.

నిర్బంధంలో ఉన్న ప్రతి వ్యక్తికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను ఉచిత న్యాయవాదిని ఇస్తున్నది. 15100 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగవచ్చు. జామీను వచ్చిన వారం రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు అధికారి ఆ సంగతిని జిల్లా న్యాయ సేవల సంస్థ కార్యదర్శికి తెలియజేయాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. నెల దాటినా పూచీకత్తు సమకూరకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించడాన్ని పరిశీలించవచ్చు. పేద ఖైదీల కోసం కేంద్రం ఒక పథకం తెచ్చింది; 2023లో దాని కింద జామీనుకు 40,000 రూపాయల వరకు, జరిమానాకు 25,000 వరకు సహాయం ప్రకటించింది. ఈ డబ్బు అర్హులకు అందితే మేస్త్రీ దగ్గర చేయి చాచవలసిన అగత్యం ఉండదు. చిన్న నేరాల్లో 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద జైలు శిక్ష లేకుండానే విడుదల కోరవచ్చు. ఆ చట్టం 12వ సెక్షను శిక్ష వల్ల కలిగే అనర్హతను కూడా తొలగిస్తుంది.

ప్రభుత్వాన్ని మేము కోరేవి మూడు. కేసు కొట్టివేసిన వెంటనే షీటు మూయాలి. విడుదలకు ముందే ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా సరిచేసి పంపాలి. తెలుగు రాష్ట్రాల జైళ్ళ శాఖలు పెట్రోల్ బంకుల్లో ఖైదీలకు పని ఇస్తున్నట్టే, విడుదలైన వారికీ పని చూపాలి.

సముదాయంగా మనం చేయవలసినవీ ఉన్నాయి. ప్రతి మస్జిద్ కమిటీ ఒక వాయిదాల పుస్తకం పెట్టాలి. మొహల్లాలో ఎవరికి ఏ రోజు ఏ కోర్టులో వాయిదా ఉందో రాసుకుని ముందు రోజు కబురు చేస్తే వారంట్లు చాలావరకు తగ్గుతాయి. తౌబా అధ్యాయం చెప్పిన ఎనిమిది జకాత్ వర్గాలలో బంధవిముక్తి ఉంది, అప్పుల్లో మునిగినవారూ ఉన్నారు. అర్హులను ఉలమాల సలహాతో గుర్తించి ఆ నిధి నుండి ఆదుకోవచ్చు. వెల్డింగ్ షాపు, మెకానిక్ షెడ్డు, పండ్ల మండీ నడిపే సోదరులు ఒక్కొక్కరు ఒక్క మనిషికి పని ఇస్తామని ముందుకు రావాలి. తండ్రి లోపల ఉన్నాడని బిడ్డ చదువు ఆగకుండా చూడాలి. ఆ ఇంటి ఆడబిడ్డకు సంబంధం చూసేటప్పుడు కేసు మాట ఎత్తకుండా ఉండాలి.

యూసుఫ్ అలైహిస్సలాం వృత్తాంతం మనందరికీ తెలుసు. రాజు పిలిచినా, తనపై వేసిన నింద విచారించి తేల్చేవరకు ఆయన చెరసాల విడిచి రాలేదు. బయటికి వచ్చాక ఆయనకు దేశపు ధాన్యాగారాల బాధ్యత అప్పగించారు. విడుదలైన మనిషికి ఆ రెండే కావాలి: నింద తొలగడం, నమ్మి పని అప్పగించడం.

ఈ సభ ముగిసేలోగా ప్రతి కమిటీ బాధ్యుడు తన మొహల్లాలో వాయిదాలు నడుస్తున్న కుటుంబాల సంఖ్యను ఇక్కడ రాసి ఇవ్వాలని, న్యాయవాద మిత్రులు ఆ పేర్లు పంచుకోవాలని మనవి చేస్తున్నాం. వచ్చే నెల ఆ జాబితాతోనే చిత్తూరులో జిల్లా న్యాయ సేవల సంస్థను కలుద్దాం. వస్సలాం.